ఫోటో ఎచ్చింగ్ భాగాలు (నమూనా రేసు కార్లు)

ఫోటో ఎచ్చింగ్ భాగాలు అనగా పలుచని లోహపు రేకును రసాయనంతో కరిగించి తయారుచేసే సూక్ష్మమైన విడిభాగాలు. రేసు కార్ల నమూనాలను కూర్చేవారు ప్లాస్టిక్ కిట్టులోని కొన్ని భాగాలకు బదులుగానూ, కిట్టులో లేని వివరాలను చేర్చడానికీ వీటిని వాడుతారు. సీటు బెల్టుల కట్లు, బ్రేకు డిస్కులు, రేడియేటరు జాలీలు, రెక్కల అంచు పలకలు వీటిలో ముఖ్యమైనవి.

ఆవశ్యకత

ప్లాస్టిక్ కిట్టు భాగాలను, కరిగించిన పాలీస్టైరీన్‌ను పీడనంతో అచ్చులోనికి పంపి తయారుచేస్తారు. అచ్చు పూర్తిగా నిండవలెనంటే భాగానికి కొంత మందం తప్పనిసరి. 1/20 కొలతలో 1 మి.మీ. మందం గల ప్లాస్టిక్ పలక, అసలు కారులో 20 మి.మీ. మందానికి సమానం. అదే 0.1 మి.మీ. రేకు 2 మి.మీ. మందానికి మాత్రమే సమానం. కారు ఆకారం సరిగా ఉన్నప్పటికీ అంచులు మొద్దుగా ఉంటే నమూనా బొమ్మవలె కనబడుతుంది. ఈ లోపాన్ని సవరించడమే ఈ భాగాల ప్రధాన ప్రయోజనం.

తయారీ విధానం

ముందుగా భాగాల చిత్రాన్ని పారదర్శకమైన ఫిల్ముపై ముద్రిస్తారు. కాంతికి స్పందించే పూత పూసిన రేకుకు ఇరువైపులా ఈ ఫిల్మును ఉంచి అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేస్తారు. తరువాత అవసరం లేని చోట పూతను కడిగివేసి, ఫెర్రిక్ క్లోరైడ్ వంటి ద్రావణాన్ని చిమ్ముతారు. పూత లేని చోట లోహం కరిగిపోతుంది. ఒకే వైపు నుండి కరిగించిన చోట సగం లోతు గాడి ఏర్పడుతుంది. మడత గీతలు, ఉబ్బెత్తు వివరాలు ఈ విధంగానే వస్తాయి. ద్రావణం లోతుకే కాక పక్కలకు కూడా తినివేస్తుంది. కావున రేకు మందం కంటే బాగా చిన్న రంధ్రాలు చేయడం కష్టం.

లోహాలు

ఇత్తడి సులభంగా వంగుతుంది, సోల్డరింగుకు అనుకూలం. ఎర్రగా కాల్చి చల్లార్చితే మరింత మెత్తబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, రంగు వేయకుండానే బ్రేకు డిస్కువలె మెరుస్తుంది, కాని వంచడం కష్టం. నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహాన్ని కూడా వాడుతారు. పేరులో ఉన్నప్పటికీ దీనిలో వెండి ఉండదు.

అమర్చే విధానం

• భాగాన్ని గాజు వంటి గట్టి ఉపరితలంపై ఉంచి చట్రం నుండి కోయవలెను. మెత్తని చాపపై కోస్తే భాగం వంగిపోతుంది.
• చట్రానికి అతికి ఉన్న మొనలను సన్నని ఆకురాయితో అరగదీయవలెను.
• మడత గీత సాధారణంగా మడతకు లోపలివైపు రావలెను. ఒకే చోట పలుమార్లు వంచితే లోహం విరుగుతుంది.
• ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది, కాబట్టి లోహానికి పనికిరాదు. సయనోఅక్రిలేట్ లేదా ఎపాక్సీ వాడవలెను.
• రంగు నిలవడానికి ముందుగా లోహపు ప్రైమరు పూయవలెను.

కోసేటప్పుడు చిన్న ముక్కలు ఎగిరిపడతాయి గనుక కళ్ళద్దాలు ధరించడం అవసరం. సయనోఅక్రిలేట్ ఆవిరి కళ్ళను మండిస్తుంది, గదిలో గాలి ఆడేలా చూసుకోవలెను.

పరిమితులు

ఎచ్చింగ్ భాగం స్వభావరీత్యా చదునైనది. సస్పెన్షన్ కడ్డీలు, గొట్టాలు, బోల్టుల వంటి గుండ్రని వాటికి ఇది తగదు. అటువంటి చోట తీగ, లేతుపై మలచిన లోహం లేదా కిట్టులోని ప్లాస్టిక్ భాగమే అసలుకు దగ్గరగా ఉంటుంది. కనుక కిట్టుతో లభించే ప్రతి లోహపు భాగాన్నీ అమర్చనవసరం లేదు. అసలు కారులో ఆ భాగం రేకుతో చేసినదా, కాదా అని ఛాయాచిత్రాలలో చూసి నిర్ణయించుకోవడం మేలు.

కిట్టులు

జపాన్‌కు చెందిన స్టూడియో 27 ఇటువంటి భాగాలను విడిగా విక్రయించిన సంస్థలలో ఒకటి. జపాన్‌లోని మోడల్ ఫ్యాక్టరీ హిరో, ఇటలీలోని టామెయో సంస్థల కిట్టులలో ఇవి పోతలోహపు భాగాలతో కలిసి వస్తాయి. 1976 స్వీడిష్ గ్రాండ్ ప్రీలో జోడీ షెక్టర్ విజయం సాధించిన ఆరు చక్రాల టైరెల్ పి34 కారుకు తమియా సంస్థ 1970లలో 1/12 కొలత కిట్టును విడుదల చేసింది. తరువాతి కాలంలో దానినే ఎచ్చింగ్ భాగాలను చేర్చి తిరిగి విడుదల చేసింది.