ఖాళీగా కనిపించే ఆపరేషన్ థియేటర్ వృథాయేనా?

పేద రోగుల ఆపరేషన్లకు విరాళాలిచ్చే దాతలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మధ్యాహ్నం మూడింటికే థియేటర్ ఖాళీగా ఉందేమిటి? ఇంకొకరికి చేయవచ్చు కదా?" న్యాయమైన ప్రశ్నే. దాతల సొమ్ము మా దగ్గర అమానత్ కనుక వివరంగా జవాబు చెప్పడం మా బాధ్యత.

థియేటర్ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా పనిచేస్తుందనుకుందాం. ఒక్కో ఆపరేషన్‌కు సగటున 2 గంటలు. కాగితం మీద లెక్క వేస్తే నలుగురికి సరిపోతుంది. కానీ సగటు 2 గంటలంటే ప్రతిసారీ అంతే పడుతుందని కాదు. గాల్ బ్లాడర్ ఆపరేషన్ గంటలో ముగియవచ్చు. లోపల వాపు ఉండి అవయవాలు అతుక్కుపోయి ఉంటే మూడు గంటలూ పట్టవచ్చు. స్కానింగులు తీసినా, లోపల చూసేదాకా డాక్టరుకు సైతం పూర్తిగా తెలియదు.

పైగా ఒక ఆపరేషన్ అరగంట ముందే ముగిసినా, తరువాతి రోగి సిద్ధంగా లేకపోతే ఆ సమయం కలిసిరాదు. అరగంట ఆలస్యమైతే మాత్రం ఆ భారం వెనుక ఉన్న అందరి మీదా పడుతుంది. గది శుభ్రం చేయడానికీ, పరికరాలు మార్చడానికీ పట్టే సమయం దీనికి అదనం. చివరకు నాలుగో రోగికి "రేపు రండి" అనే మాట వినిపిస్తుంది.

మత్తు ఇచ్చే ముందు సాధారణంగా 6 గంటలపాటు ఆహారం, 2 గంటలపాటు నీళ్లు కూడా తీసుకోకూడదు. ఆ నాలుగో మనిషి రాత్రి నుంచి పస్తున్నాడు. తోడు వచ్చినవారికి ఆ రోజు కూలి పోయింది. మళ్లీ ఛార్జీలు పెట్టుకుని రాగలరో లేదో!

అందుకే జాబితాలో కొంత ఖాళీ వదలాలి. అత్యవసరంగా వచ్చే సిజేరియన్‌కు కూడా ఆ ఖాళీయే ఆదుకుంటుంది. ఎంత సేపు పడుతుందో తెలిసిన చిన్న ఆపరేషన్లను ముందు, చెప్పలేని వాటిని తరువాత పెడితే ఎదురుచూపులు తగ్గుతాయి. అయితే పసిపిల్లలు, షుగర్ రోగులు ఎక్కువసేపు పస్తుండలేరు కాబట్టి వారిని ముందే పిలవాలి.

1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో స్థాపించిన అరవింద్ కంటి ఆస్పత్రిలో సర్జన్ ఒక టేబుల్ మీద శుక్లం తీస్తుండగానే పక్క టేబుల్ మీద మరో రోగిని సిద్ధం చేస్తారు. శుక్లం ఆపరేషన్లు చిన్నవి, దాదాపు ఒకే తీరుగా సాగేవి కాబట్టి అక్కడ ఆ పద్ధతి చక్కగా కుదిరింది. కడుపు ఆపరేషన్లకు ఆ వేగం ఆశించలేము.

కాబట్టి దాతలకు మా మనవి: ఎన్ని ఆపరేషన్లు జరిగాయని అడగండి. తేదీ ఇచ్చి ఎందరిని వెనక్కి పంపారని కూడా అడగండి. రికవరీ గదిలో మంచం దొరకకపోతే ఆపరేషన్ ముగిసిన రోగి థియేటర్‌లోనే ఉండిపోవాలి. కొత్త థియేటర్ కట్టించే స్తోమత లేకపోయినా ఒక రికవరీ మంచమో, అదనంగా ఒక సెట్టు పరికరాలో ఇస్తే ఆ నాలుగో మనిషి ఆపరేషన్ చేయించుకునే ఇంటికి వెళ్తాడు.