రైలు విడిచిన బాట, సైకిలు పట్టిన బాట

సైకిలు తొక్కే ప్రతి విద్యార్థికీ ఇద్దరు శత్రువులుంటారు. ఒకటి ఎత్తు. రెండోది వెనకనుంచి హారను మోగిస్తూ దూసుకువచ్చే లారీ. మొదటిది మనల్ని రొప్పిస్తుంది. రెండోది ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఈ రెంటి బాధా లేకుండా కొండల నడుమ, అడవుల గుండా, నదుల ఒడ్డునే 240 కిలోమీటర్లు సైకిలు మీద పోగల దారి ఉందంటే నమ్ముతారా?

ఉంది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ పట్నం నుంచి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరం దాకా సాగే ఈ దారి పేరు గ్రేట్ అలఘేనీ పాసేజ్. దీనిమీదికి మోటారు వాహనాలను రానివ్వరు. చాలా భాగం తారు కూడా వెయ్యలేదు. సున్నపురాతిని మెత్తగా నలగగొట్టి, పరచి, అదిమారు. అంటే ఇది సన్న కంకర బాట అన్నమాట.

అయితే ఒక సందేహం వస్తుంది. కొండలను దాటే దారిలో ఎత్తు బాధ లేకపోవడమేమిటి? దీనికి జవాబు తెలియాలంటే ముందు రైలు సంగతి తెలుసుకోవాలి.

రైలు బలం, రైలు బలహీనత

ఈ బాటలో ఎక్కువ భాగం ఒకప్పటి రైలుమార్గమే. రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. నున్నటి ఉక్కు మీద ఉక్కు దొర్లితే దొర్లుడు ఘర్షణ చాలా తక్కువ. సమతలం మీద మెల్లగా పోయే రైలుకు టన్ను బరువుకు రెండు మూడు కిలోల లాగుడు బలం చాలు. అందుకే ఒక్క ఇంజను అన్ని పెట్టెలను లాక్కుపోగలదు.

కాని దారి ప్రతి వంద మీటర్లకూ ఒక్క మీటరు చొప్పున ఎత్తు పెరిగితే, టన్నుకు మరో పది కిలోల బలం అదనంగా కావాలి. అంటే ఇంజను మీద భారం ఒక్కసారిగా నాలుగైదు రెట్లవుతుంది! పైగా నున్నటి పట్టా మీద ఇంజను చక్రానికి పట్టు తక్కువ. వాలు మరీ ఎక్కువైతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది గాని బండి కదలదు.

కాబట్టి రైలుమార్గం వేసే ఇంజనీర్లు కొండను ఎదురుగా ఢీకొనరు. నది కొండల మధ్య కోసుకున్న లోయను పట్టుకుని మెల్లమెల్లగా పైకి పోతారు. లోతు అడ్డం వస్తే వంతెన కడతారు. కొండ అడ్డం వస్తే సొరంగం తొలుస్తారు. అరకు వెళ్లే రైలెక్కినవారు ఈ చోద్యమంతా చూసే ఉంటారు. అలఘేనీ బాట కూడా కాసెల్‌మన్, యాకగేని అనే నదుల లోయల వెంట సాగుతుంది. బిగ్ సావేజ్ అనే కొండ కింద సుమారు ఒక కిలోమీటరు పొడవున్న సొరంగంలో దూరుతుంది.

ఒక చిన్న లెక్క

ఈ బాట కంబర్లాండ్ నుంచి దాదాపు 38 కిలోమీటర్లలో 535 మీటర్లు పైకి ఎక్కుతుంది. అంటే సగటున వంద మీటర్లకు 1.4 మీటర్లు. సైకిలూ మనిషీ కలిసి 80 కిలోలనుకుందాం. గురుత్వాకర్షణకు ఎదురుగా చెయ్యవలసిన పని ఇంత:

80 × 9.8 × 535 = సుమారు 4 లక్షల 20 వేల జౌళ్లు.

ఇదే ఎత్తును వందకు 7 మీటర్ల వాలుగల ఘాట్ రోడ్డు మీద ఎక్కినా గురుత్వాకర్షణకు ఎదురుగా చేసే పని ఇంతే! ఎందుకంటే అది ఎత్తును బట్టి ఉంటుంది గాని వాలును బట్టి కాదు. మరి తేడా ఎక్కడ? బలంలో. ఘాట్ రోడ్డు మీద పైకి ఎక్కడానికి సుమారు 55 న్యూటన్ల బలం కావాలి. రైలు బాట మీద 11 న్యూటన్లు చాలు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతే మొదటిదానికి సుమారు 150 వాట్ల సామర్థ్యం కావాలి, రెండోదానికి 30 వాట్లే.

మామూలు మనిషి కాళ్లు గంటల తరబడి ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఘాట్ రోడ్డు మీద మనం దిగి సైకిలును తోసుకుపోవడానికి కారణం ఇదే. మీరు పాఠంలో చదివిన వాలుతలం అనే సామాన్య యంత్రమే ఇక్కడ 38 కిలోమీటర్ల పొడవున పరచుకుని ఉంది.

కంకర సంగతేమిటి?

కంకర మీద దొర్లుడు ఘర్షణ మంచి తారు రోడ్డు మీదకన్నా ఎక్కువ. అది రెట్టింపు కూడా కావచ్చు. దీన్ని తగ్గించుకునే ఉపాయం టైరులో ఉంది. రాయిలాగా గాలి కొట్టిన సన్న టైరు ప్రతి చిన్న రాతి మీదికీ ఎగిరి పడుతుంది. అలా ఎగిరినప్పుడల్లా సైకిలునూ మనిషినీ కొంచెం పైకి లేపడానికి శక్తి ఖర్చవుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువగా ఉంటే టైరే వంగి రాతిని తనలో ఇముడ్చుకుంటుంది, సైకిలు నేరుగా సాగిపోతుంది. అలాగని గాలి మరీ తగ్గితే టైరు అణగిపోయి శక్తి వేడిగా మారిపోతుంది, ట్యూబు రిమ్ముకు నొక్కుకుని చిరుగుతుంది. నున్నటి రోడ్డుకు గట్టి టైరు, కంకరకు కాస్త మెత్తటి టైరు.

శిఖరం దగ్గర ఒక వింత

ఎక్కడం పూర్తయ్యేసరికి సముద్రమట్టానికి 729 మీటర్ల ఎత్తుకు చేరతాం. అక్కడ ఒక జలవిభాజక రేఖ ఉంది. దానికి తూర్పున పడిన వానచినుకు పొటోమాక్ నది ద్వారా అట్లాంటిక్ సముద్రానికి పోతుంది. పడమట పడినది ఒహాయో, మిసిసిపీ నదుల ద్వారా మెక్సికో సింధుశాఖకు పోతుంది. మన సహ్యాద్రి కూడా ఇటువంటిదే. అందుకే అరేబియా సముద్రానికి దగ్గరలోనే పుట్టిన గోదావరి, దేశాన్ని అడ్డంగా దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ రేఖ దాటిన తరువాత పిట్స్‌బర్గ్ దాకా 200 కిలోమీటర్లు దాదాపుగా దిగుడే.

దారిని దక్కించుకోవడం

కొండల మీది ఈ భాగంలో రైళ్లు 1975లో ఆగిపోయాయి. రైలు ఆగిన దారి దిక్కులేని ఆస్తి వంటిది. ఒకచోట పొలంలో కలిసిపోతుంది, ఒకచోట వంతెన ఇనుము అమ్ముడుపోతుంది. మధ్యలో ఒక్క ముక్క పోయినా దారి దారి కాకుండా పోతుంది. రైళ్లు ఆగిన దారులను ఇలా ముక్కలు కానివ్వకుండా బాటలుగా నిలిపి ఉంచడానికి 1983లో అక్కడ ఒక చట్టం చేశారు. అలఘేనీ బాటలో మొదటి ముక్క 1986లో తెరుచుకుంది. చివరి ముక్క కలిసేసరికి 2013 అయింది. అంటే ఇరవైయేడు సంవత్సరాల ఓపిక!

మన నల్లమల అడవిలోనూ నంద్యాల, గిద్దలూరుల మధ్య పాత మీటరుగేజి దారి కొంత ఇలాగే మిగిలిపోయింది. బ్రాడ్‌గేజి దారి వేసినప్పుడు దాన్ని విడిచిపెట్టారు. ఇక డెల్టా జిల్లాల్లో కాలువ గట్లున్నాయి. రైలులాగే కాలువ నీటికీ మెల్లని వాలే కావాలి. అందుకే గట్టు మీద సైకిలు సుఖంగా పోతుంది. మోటారు రద్దీ లేని ఇటువంటి దారి మీ ఊరి నుంచి బడి దాకా ఉంటే ఎందరు పిల్లలు నిర్భయంగా సైకిలు మీద రాగలరో ఆలోచించండి.

చేసి చూడండి

వాహనాలు రాని చోట చిన్న వాలు ఎంచుకోండి. వాలు దిగాక ఒక పక్క సిమెంటు నేల, మరో పక్క సన్న కంకర ఉంటే మంచిది. ఒకే గుర్తు నుంచి పెడలు తొక్కకుండా సైకిలును దిగనివ్వండి. బ్రేకు వెయ్యకుండా ఎంత దూరంలో ఆగిందో కొలవండి. తరువాత టైర్లలో కొంచెం గాలి తగ్గించి మళ్లీ చెయ్యండి. ఒక్కొక్కటి మూడేసిసార్లు చేసి సగటు కట్టండి. సిమెంటు మీదా, కంకర మీదా ఏ టైరు ఎక్కువ దూరం పోయిందో మీ నోటు పుస్తకమే చెబుతుంది.