సోమరులెవరు?

చదువును కొలువును లేని యువజనులనగా, సెల్‌ఫోను చేతబట్టి మంచము దిగని కుఱ్ఱవానినే అంతర్జాలము చూపుచున్నది. అది పరిహాసమేగాని సత్యము కాదు. అంతర్జాతీయ కార్మికసంస్థ 2024లో ప్రకటించిన భారతదేశ ఉద్యోగనివేదిక ప్రకారము, 2022లో చదువు, ఉద్యోగము, శిక్షణ లేనివారు యువకులలో నూటికి 9.8, యువతులలో 48.4. ఈ యువతులలో పెక్కురు వంటతో, శిశుపోషణతో దినమెల్ల శ్రమించువారే. ఆ శ్రమకు కూలి లేదు గనుక లెక్కయు లేదు.

ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడలు ఇండ్ల ప్రక్కనే యున్నవి. 2017లో ఉప్పలుకు మెట్రోరైలును వచ్చినది. కాని బిడ్డను చూచువారు లేక తల్లి గడప దాటుటెట్లు? 50 మంది పనివారున్న సంస్థ శిశుగృహమును కల్పింపవలెనని 2017లోనే చట్టము సవరింపబడినది. అంతకు చిన్న కర్మాగారములకు ఆ విధి లేదు. అట్టి యజమానులు కలసి, నగరపాలకుల తోడ్పాటుతో, వాడకొక శిశుగృహమును స్థాపింతురుగాక.