నల్లజాతి కళాశాలల్లో అర్థశాస్త్ర పరిశోధన: అపోహలు – వాస్తవాలు

1964కు ముందు, ప్రధానంగా నల్లజాతి అమెరికన్ల విద్య కోసం నెలకొల్పిన గుర్తింపు పొందిన సంస్థలను అమెరికా సమాఖ్య చట్టం చారిత్రక నల్లజాతి కళాశాలలుగా పరిగణిస్తుంది. సుమారు నూరు ఉన్న ఈ సంస్థల్లో, కమలా హారిస్ రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చదివిన హోవార్డ్ విశ్వవిద్యాలయం పేరు తెలుగు పాఠకులకు పరిచితమే. వీటి అర్థశాస్త్ర శాఖల గురించి ప్రచారంలో ఉన్న కొన్ని అభిప్రాయాలు మాత్రం పరిశీలనకు నిలవవు.

అపోహ: ఇవి పాఠాలు చెప్పే సంస్థలే, పరిశోధన వీటికి కొత్త.

వాస్తవం: డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1897లో ఈ కోవకే చెందిన అట్లాంటా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర, చరిత్ర ఆచార్యులుగా చేరి, ఏటా ఒక అంశాన్ని తీసుకొని నల్లజాతి ప్రజల జీవన స్థితిగతులను క్షేత్ర సమాచారంతో గ్రంథస్థం చేసే కృషికి సారథ్యం వహించారు. ఆ వరుసలో 1899 నాటి సంపుటం వ్యాపారులను, 1902 నాటిది చేతివృత్తులవారిని, 1907 నాటిది పరస్పర ఆర్థిక సహకారాన్ని పరిశీలించాయి. ప్రశ్నావళులు పట్టుకొని సమాచారం సేకరించినవారిలో ఇలాంటి కళాశాలల పట్టభద్రులు ఎందరో ఉన్నారు. బానిసత్వం రద్దయి నాలుగు దశాబ్దాలైనా నిండకముందే మొదలై, చాలీచాలని నిధులతో సాగిన ఈ పనిని సమాజశాస్త్ర చరిత్రకారులు గుర్తించినంతగా అర్థశాస్త్ర చరిత్రకారులు గుర్తించకపోవడం ఆ శాస్త్రానికే లోటు.

అపోహ: అక్కడి ఆర్థికవేత్తలు జాతి సమస్య తప్ప మరొకటి రాయలేదు.

వాస్తవం: 1936 నుంచి 1945 వరకు హోవార్డ్ అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న అబ్రమ్ హారిస్, నల్లజాతివారి బ్యాంకులపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించినవారే. అయితే, ఆర్థిక జీవనాన్ని మార్కెట్ ధరలతోపాటు ఆచారాలు, చట్టాలు, అలవాట్ల వంటి వ్యవస్థల ద్వారా కూడా అర్థం చేసుకోవాలనే ‘సంస్థాగత అర్థశాస్త్రం’ మీద 1932లోనూ, జర్మన్ ఆర్థికవేత్త సోంబార్ట్ మీద 1942లోనూ ఆయన రాసిన వ్యాసాలు షికాగో నుంచి వెలువడే జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో అచ్చయ్యాయి. తర్వాత ఆయన షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లినా, అక్కడ ఆయనకు దక్కింది పట్టపూర్వ విద్యార్థుల బోధనే. ఆ వివక్షను ఆయన ప్రతిభకు కొలమానంగా తీసుకోవడం అన్యాయం.

అపోహ: సైటేషన్ల పట్టికలో అడుగున ఉన్న శాఖకు ప్రభావం లేనట్టే.

వాస్తవం: ఒక పరిశోధనను ఇతర పరిశోధకులు తమ రచనల్లో ప్రస్తావించడాన్ని సైటేషన్ అంటారు. ఈ ప్రస్తావనల మొత్తాన్ని లెక్కించి శాఖలకు ర్యాంకులిస్తే, అధ్యాపకులు ఎక్కువమంది, బోధన భారం తక్కువ ఉన్న పెద్ద శాఖలకు సహజంగానే మొగ్గు ఉంటుంది. చిన్న శాఖలో ముగ్గురు చేసిన మంచి పని ఆ మొత్తాల కింద కనబడకుండా పోతుంది. పైగా మనుషులు మారినప్పుడు పేరు కూడా వారితోపాటే వెళుతుంది. 1948లో యేల్‌లో డాక్టరేట్ పొందిన ఫిలిస్ వాలెస్ 1950లలో అట్లాంటా విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆ తరువాత ఉద్యోగ వివక్షపై ప్రభుత్వ పరిశోధనలకు నేతృత్వం వహించి, ఎంఐటీలో ఆచార్యులయ్యారు. ఆమె పేరు చెప్పగానే ఎంఐటీ గుర్తొస్తుంది తప్ప అట్లాంటా గుర్తురాదు.

సైటేషన్లు పోగయ్యేందుకు మరో దారి డాక్టరేట్ విద్యార్థులు: వారు గురువుల పద్ధతులను కొనసాగిస్తూ, గురువుల రచనలను ఉటంకిస్తూ, ఇతర విశ్వవిద్యాలయాలకు విస్తరిస్తారు. చారిత్రక నల్లజాతి కళాశాలలన్నింటిలోనూ అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ ఇచ్చేది హోవార్డ్ ఒక్కటే కాబట్టి, మిగతా శాఖలకు ఆ దారి లేదు.