మైనం చేతిలో ఐడ్లింగ్

రాత్రంతా బయట ఉన్న బండి పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతుంది. వేడెక్కాక మాత్రం ఏ జబ్బూ లేనట్టు తిరుగుతుంది. 1980లలో, 90లలో అమెరికాలో అమ్ముడైన టయోటా పికప్‌లు ఇంకా నడుపుతున్నవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. ఆ బండ్లలో పేరుమోసిన ఇంజన్ 22ఆర్-ఇ: నాలుగు సిలిండర్లు, 2,366 సీసీ, పెట్రోలు ఇంజెక్షన్.

చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చాలా భాగం లోపలి గోడలకు తడిగానే అంటుకుపోతుంది. ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడమే బరువవుతుంది. అందుకని చల్లటి ఇంజన్‌కు పెట్రోలూ ఎక్కువ కావాలి, గాలీ ఎక్కువ కావాలి. కార్బురేటర్ రోజుల్లో ఈ పని చోక్ చూసుకునేది. అంబాసిడర్‌లో నాబ్ లాగి స్టార్ట్ చేసినవాళ్లకు అది గుర్తుండే ఉంటుంది.

కార్బురేటర్‌కు బదులుగా అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లో ఎలక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను బయటపెట్టింది. అది నిలబడలేదు. జర్మనీలో బాష్ 1967లో డి-జెట్రానిక్‌తో నిలబెట్టింది. 1974 నాటి ఎల్-జెట్రానిక్‌లో, లోపలికి వెళ్లే గాలిని ఒక రెక్క కొలిచేది. టయోటా పికప్‌లో ఉన్నదీ ఆ తరహా ఏర్పాటే. ఇందులో చోక్ లేదు. అది ఒంటరిగా చేసిన పని ముగ్గురి చేతుల్లోకి వెళ్లింది.

మొదటిది, సెల్ఫ్ కొడుతున్నంతసేపే పెట్రోలు చిమ్మే అదనపు ఇంజెక్టర్. రెండోది, ఇంజన్ ఎంత చల్లగా ఉందో ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్. మూడోది ఎయిర్ వాల్వ్. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే.

యాక్సిలరేటర్ తొక్కితే గాలికి దారి తెరిచే థ్రాటిల్ బాడీ అడుగున, కూలెంట్ పారే చోట, చిన్న గుళికలో మైనం ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మైనం ముడుచుకుని దారి తెరిచి ఉంచుతుంది. మూసిన థ్రాటిల్‌ను తప్పించుకుని ఆ దారిలో గాలి లోపలికి వెళ్లి ఆర్‌పీఎం పెరుగుతుంది. కూలెంట్ వేడెక్కేకొద్దీ మైనం కరిగి ఉబ్బి దారి మూసేస్తుంది. మాన్యువల్ గేర్ల బండిలో ఐడ్లింగ్ అప్పుడు 750 దగ్గరికి దిగుతుంది. వైరు లేదు, కరెంటు లేదు. అందుకే ఇది చెడిపోయినా కంప్యూటర్‌కు తెలియదు.

దీన్ని పరీక్షించడం తేలికే. ఇంజన్ చల్లగా ఉండగా ఐడ్లింగ్ గాలిని సర్దే స్క్రూను పూర్తిగా బిగించండి. ఎన్ని చుట్లు తిప్పారో గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే తేవాలి. ఆర్‌పీఎం కాస్త తగ్గి ఇంజన్ తిరుగుతూనే ఉంటే వాల్వ్ బాగున్నట్టే. వెంటనే ఆగిపోతే ఆ దారి మసితో పూడుకుపోయి ఉండాలి, లేదా వాల్వ్ మూసుకునే ఉండిపోయి ఉండాలి. వేడెక్కాక ఇదే చేస్తే ఇంజన్ ఆగిపోవాలి, లేదా ఆగిపోయేంత నెమ్మదించాలి. అప్పుడూ జోరుగానే తిరుగుతుంటే వాల్వ్‌ను నిందించేముందు రేడియేటర్ చల్లారాక కూలెంట్ చూడండి. అది తగ్గినా, లోపల గాలి పట్టినా, మైనానికి వేడి అందదు.

గాలిని కొలిచే రెక్కకూ థ్రాటిల్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని కూడా వంచి చూడాలి. మడతల లోపలి పగుళ్లు పైకి కనబడవు. వాటిలోంచి దూరే గాలి లెక్కలోకి రాదు, దానికి సరిపడా పెట్రోలూ పడదు. అసలే పెట్రోలు చాలని చల్లటి ఇంజన్‌కు ఆ మాత్రం తేడా చాలు, ఆగిపోవడానికి.

ఇక ఉష్ణోగ్రత సెన్సర్. మంచిదైతే 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 200 నుంచి 400 ఓమ్‌లు చూపిస్తుంది. ముసలిదై తప్పు చెబితే, చల్లటి ఇంజన్‌ను కంప్యూటర్ వేడి ఇంజన్ అనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. వైరు తెగితేనో షార్ట్ అయితేనో తప్ప చెక్ ఇంజన్ లైటు వెలగదు. కాబట్టి లైటు లేదని సెన్సర్‌ను వదిలేయకండి. ఇంజెక్టర్ల మీద డబ్బు పోసేముందు, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగానే, మల్టీమీటర్ పెట్టి ఆ అంకె చూసుకోండి.