బస్సు: బాట మీది నుంచి తీగలోకి

నిర్ణీత మార్గంలో, నిర్ణీత రుసుముతో తిరిగే ఉమ్మడి బండ్ల సర్వీసు 1662లో గణితవేత్త బ్లెయిజ్ పాస్కల్ ఆలోచనతో పారిస్‌లో మొదలైంది. అయితే సైనికులు, సేవకులు, కూలీలు వాటిలో ఎక్కరాదని అక్కడి న్యాయసభ ఆంక్ష విధించగా, కొన్నేళ్లకే అది మూతపడింది. ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం వచ్చింది 1826లో, నాంత్ పట్టణంలో స్టానిస్లాస్ బోద్రీ నడిపిన గుర్రపు బండ్లతో. వాటికి స్థిరపడిన 'ఆమ్నిబస్' అనే పేరుకు లాటిన్‌లో 'అందరికీ' అని అర్థం. వాడుకలో అది అరిగి, 'అందరు' పోయి 'కి' ఒక్కటే మిగిలినట్లు, విభక్తి ప్రత్యయపు ముక్క అయిన 'బస్' మాత్రమే నిలిచింది.

విద్యుత్ ఇంజనీర్లు ఈ మాటను అందుకుని, సబ్‌స్టేషన్‌లో అనేక లైన్లు వచ్చి కలిసే రాగి లేదా అల్యూమినియం కడ్డీని బస్‌బార్ అన్నారు. కంప్యూటర్‌లో ప్రాసెసర్, మెమరీ వంటి భాగాలు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి తీగల వరుసకూ అదే పేరు వచ్చింది.

వీటన్నిటిలో అద్భుతమైనది బాష్ సంస్థ 1986లో ప్రకటించిన 'క్యాన్ బస్'. వాహనంలో ప్రతి సెన్సర్‌కూ వేరే తీగ లాగితే బరువూ చిక్కులూ పెరుగుతాయి కనుక, మెలితిప్పిన రెండే తీగల మీద ఇంజన్, బ్రేకులు, మీటర్లు అన్నీ మాట్లాడుకునేలా దీన్ని రూపొందించారు. ప్రతి సందేశానికీ ముందు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సంఖ్య ఎంత చిన్నదైతే ప్రాధాన్యం అంత ఎక్కువ. రెండు పరికరాలు ఒకేసారి మొదలుపెడితే, తీగపై సున్నా ఒకటిని అణచివేస్తుంది కాబట్టి, తాను ఒకటి పంపినా సున్నా వినిపించిన పరికరం మరింత ముఖ్యమైన సందేశం సాగుతున్నదని గ్రహించి వెంటనే తప్పుకుంటుంది. గెలిచిన సందేశంలో ఒక్క బిట్టూ చెడదు, దానికి క్షణమైనా ఆలస్యం కాదు. పై అధికారి ఎవరూ లేకుండానే క్రమశిక్షణ పాటించే ఈ ఏర్పాటు ఇంజనీరింగ్‌లో అరుదైన అందం గలది.

అంతరిక్ష శాస్త్రంలో మాత్రం ఈ పదానికి తీగతో ముడి తెగింది. పరిశోధన పరికరాలను మోస్తూ, వాటికి విద్యుత్తునూ తగిన ఉష్ణోగ్రతనూ సమకూరుస్తూ, ఉపగ్రహాన్ని సరైన దిశలో నిలిపే మూల నిర్మాణమే అక్కడ బస్సు. ఒకసారి పరీక్షకు నిలిచిన బస్సును తగిన మార్పులతో మళ్లీ వాడుకోవచ్చు గనుక ఖర్చూ కాలమూ ఆదా అవుతాయి. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళ్‌యాన్‌ను ఇస్రో శాస్త్రవేత్తలు, 2002లో వాతావరణ పరిశీలనకు పంపిన కల్పన-1కు వాడిన ఐ-1కె బస్సునే మార్చి నిర్మించారు.