బాయి మూసిన ఊళ్లో ఓటు

2019 డిసెంబరు 12 ఎన్నికల రాత్రి. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కౌంటీ, బోల్సోవర్ నియోజకవర్గం. ఫలితం చదివేటప్పటికి డెన్నిస్ స్కిన్నర్ అక్కడ లేరు. 87 ఏళ్ల వయసులో తుంటి ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్నారు. బొగ్గు తవ్విన చేతులతో పార్లమెంటుకు వెళ్లిన మనిషి ఆయన. 1970 నుంచి 49 ఏళ్లపాటు ఆ ఊళ్లలో లేబర్ పార్టీ అంటే ఆయనే. ఆ రాత్రి ఐదు వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచింది కన్జర్వేటివ్ పార్టీ. 1984-85లో ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మెను ఓడించిన పార్టీ అది.

ఎందుకిలా జరిగిందంటే చాలామంది బ్రెగ్జిట్ అంటారు. 2016 రెఫరెండంలో బోల్సోవర్ జిల్లాలో దాదాపు 71 శాతం మంది యూరోపియన్ యూనియన్‌ను వదిలేద్దామన్న మాట నిజమే. కానీ స్కిన్నర్ కోరుకున్నదీ అదే! అయినా జనం ఆయన్ని కాదన్నారు. మళ్లీ రెఫరెండం పెడతామన్న ఆయన పార్టీ మీద కోపం ఉంది, కాదనను. అయితే 1997లో 27 వేలున్న మెజారిటీ 2017 నాటికే ఐదు వేలకు పడిపోయింది. 2019లో తెగిన తాడు ఇరవై ఏళ్లుగా పురి విప్పుకుంటూనే ఉంది.

ఆ నియోజకవర్గంలోనే ఉంది షైర్‌బ్రూక్ అనే గని ఊరు. బొగ్గు గనిని అక్కడివాళ్లు ‘పిట్’ అంటారు, గోదావరిఖనిలో ‘బాయి’ అన్నట్టే. బాయి ఉన్నన్నాళ్లూ పార్టీ ఎన్నికలప్పుడు గడప తొక్కే చుట్టం కాదు. యూనియన్ బ్రాంచి, పార్టీ బ్రాంచి రెండూ ఆ బాయి మనుషులతోనే నడిచేవి. సాయంత్రం కూర్చునే మైనర్స్ వెల్ఫేర్ క్లబ్బూ ఆ బొగ్గు పుణ్యమే. 1920 చట్టం ప్రకారం తవ్విన టన్నుకు ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధికి జమయ్యేది. కొడుకు తండ్రి వెనకే బాయిలోకి దిగేవాడు, తండ్రి వెనకే ఓటు వేసేవాడు. దాన్ని గుడ్డి అలవాటు అనడం నాకు నచ్చదు. పక్కవాడి దీపం వెలుగులో పనిచేసినవాళ్ల నమ్మకం అది.

1993లో షైర్‌బ్రూక్ బాయి మూతపడింది. ఆ జాగాలోనే తర్వాత స్పోర్ట్స్ డైరెక్ట్ కంపెనీ గోదాము లేచింది. వేల ఉద్యోగాలు వచ్చాయి, ఎక్కువ భాగం ఏజెన్సీల ద్వారా. తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లూ అందులో చాలామంది. 2016లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపితే అక్కడి బతుకు బయటపడింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే పావుగంట జీతం కోత. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టినా ఒక తప్పు కింద రాసేవారు. ఆరు తప్పులైతే ఇంటికే. షిఫ్టు దిగాక ఒళ్లంతా సోదా చేయించుకోవడానికి వరసలో నిలబడాలి, ఆ సేపటికి కూలి లేదు. ఇంతా చేస్తే జీతం చట్టం చెప్పిన కనీస వేతనం కంటే దిగువకు పోయింది. రేపు షిఫ్టు ఉంటుందో లేదో తెలియనివాడు ఎవరితో కలిసి యూనియన్ కడతాడు? క్లబ్బుకు ఏ వేళకు వెళతాడు?

ఆ కనీస వేతన చట్టాన్ని 1999లో అమలుకు తెచ్చింది లేబర్ ప్రభుత్వమే. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ 13 ఏళ్ల పాలనలో కన్జర్వేటివ్ ప్రధాని థాచర్ నాటి, యూనియన్లను కట్టడి చేసే చట్టాలను చాలావరకు ముట్టుకోలేదు. మొదట జనం పార్టీ మారలేదు, పోలింగ్ బూత్‌కు పోవడం మానేశారు. 1997లో దేశమంతటా 71 శాతమున్న పోలింగ్ 2001లో 59 శాతానికి దిగింది. ఆ ఖాళీ కుర్చీలను లేబర్ నాయకులు అప్పుడే లెక్కపెట్టి ఉండాల్సింది. ఎంతైనా మనవాళ్లే, ఎక్కడికి పోతారులే అనుకున్నారు.

2024లో బోల్సోవర్ మళ్లీ లేబర్ చేతికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2025 మే నెలలో, డెర్బీషైర్ కౌంటీ కౌన్సిల్‌ను లేబర్, కన్జర్వేటివ్ రెండు పాత పార్టీలనూ కాదని రిఫార్మ్ యూకే అనే పార్టీ గెలుచుకుంది. బొగ్గు గనులకు పేరుపడ్డ డర్హమ్ కౌంటీ కౌన్సిల్ కూడా ఆ ఎన్నికల్లోనే దాని చేతికి పోయింది.